మగ్సీ బోగ్స్ గెలిచింది పొట్టివాడు కాబట్టే

ప్రశ్న: "మా అబ్బాయికి 14 ఏళ్లు. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. ఎత్తు చాలదని కోచ్ గారు జట్టులోకి తీసుకోవడం లేదు. మగ్సీ బోగ్స్ అనే పొట్టి ఆటగాడు అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్.బి.ఎ.లో ఆడాడని విన్నాను. ఆయన కథ చెప్పి వాడికి ధైర్యం చెప్పవచ్చా?"

చెప్పవచ్చు. కానీ అందరూ చెప్పే తీరులో మాత్రం చెప్పకండి.

మీ కోచ్ గారి లాంటి మనిషి నాకూ తగిలారు. ఎంపిక రోజున అందరినీ ఎత్తు ప్రకారం వరుసలో నిలబెట్టి, చివరి నలుగురినీ వేలితో చూపించి "మీకు వేరే ఆటలు చాలా ఉన్నాయి బాబూ" అన్నారు. బంతి ఇంకా సంచీలోంచి బయటికే రాలేదు. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. బోగ్స్‌ది 5 అడుగుల 3 అంగుళాలు. ఎన్.బి.ఎ. చరిత్ర మొత్తంలో నేను ఎత్తులో ఓడించగలిగిన ఆటగాడు ఆయనొక్కడే.

ఆయన గురించి రాసేవాళ్లంతా ఒకే పాట పాడతారు. పొట్టివాడైనా పట్టుదలతో ఎదిగాడట. ఆ "అయినా" అనే మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పక్కన 7 అడుగుల 7 అంగుళాల మనూట్ బోల్ నిలబడి ఉన్న ఫోటో ఒకటి తప్పకుండా వేస్తారు. వాళ్లిద్దరూ కలిసి ఆడింది వాషింగ్టన్ బుల్లెట్స్‌లో ఒకే ఒక్క సీజన్, 1987-88. 14 సీజన్ల ఆటలో జనానికి గుర్తున్నది ఆ ఫోటో!

రింగు 10 అడుగుల ఎత్తున ఉంటుంది, నిజమే. కానీ మ్యాచ్‌లో ఎక్కువసేపు బంతి ఉండేది అక్కడ కాదు, నేలకూ నడుముకూ మధ్య. ఆ జాగాలో ఎవరు పొట్టిగా ఉంటే వాళ్లదే రాజ్యం. బోగ్స్ డ్రిబుల్ చేస్తుంటే, అంటే బంతిని నేలకు కొట్టుకుంటూ పోతుంటే, అది మోకాలు దాటేది కాదు. దాన్ని లాక్కోవాలంటే పొడుగువాడు నడుము వంచాలి. వంగితే పరుగు పోతుంది.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన సంగతి కాదు. మా కళాశాల జట్టులో చివరికి చోటు దొరికింది (బంతిని ముందుకు నడిపించే ఇద్దరు గార్డులకు ఒకేసారి జ్వరం వచ్చింది, నా ప్రతిభ గుర్తించి కాదు). ఎదుటి జట్టు గార్డు నాకంటే దాదాపు అడుగు పొడుగు. నేను కోర్టులో కాలుపెట్టగానే ప్రేక్షకుల్లోంచి ఒకడు గొంతు మార్చి "ఒక బాబు తప్పిపోయాడు, తల్లిదండ్రులు ఎక్కడున్నా వచ్చి తీసుకువెళ్లవలసిందిగా కోరుతున్నాం" అని ప్రకటన చేశాడు. అంతా ఘొల్లుమన్నారు. మా జట్టువాళ్లు కూడా.

ఆ గార్డు కుడిచేత్తో బంతి కొట్టుకుంటూ తాపీగా వస్తున్నాడు. నేను అతని ముఖం చూడలేదు. చూస్తే భయం వేసేది. బంతి నేలమీద పడే చోటే చూశాను. ప్రతిసారీ ఒకే చోట, కుడి బూటు పక్కన జానెడు దూరంలో పడుతోంది. అంత పొడుగు మనిషి చేతికి నేలనుంచి బంతి తిరిగి చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆ కాసేపూ అది ఎవరి బంతీ కాదు. నాలుగో దెబ్బకు నా చెయ్యి అక్కడ ముందే కాచుకుని ఉంది. బంతి నా వేళ్లకు తగిలి ముందుకు దొర్లింది, దాని వెనక నేను, రింగు దగ్గరికి పరుగెత్తి లేఅప్, రెండు పాయింట్లు. తర్వాత వచ్చినప్పుడూ అంతే. మూడోసారి అతను నాకు వీపు చూపించి, బంతిని ఒళ్లో బిడ్డలా దాచుకుని అడుగులో అడుగు వేశాడు. అప్పట్లో సగం గీత దాటడానికి 10 సెకన్లు ఇచ్చేవారు. గీతకు ఇవతలే రిఫరీ ఈల వేశాడు. ప్రకటన చేసిన గొంతు మళ్లీ వినబడలేదు.

రెండో సగం సంగతి కూడా చెప్పాలి. వాళ్ల కోచ్ అదే గార్డును రింగు కిందికి పంపి, నా తలమీదుగా బంతి అందించడం మొదలుపెట్టాడు. వరుసగా మూడు బాస్కెట్లు. నేను ఎంత ఎగిరినా నా వేళ్లకు అందింది అతని మోచెయ్యి. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు, మ్యాచ్ పోయింది. "మరి మీ సిద్ధాంతం ఏమైంది?" అంటారా? సిద్ధాంతానికి ఏమీ కాలేదు. నా వెనక రింగును కాచే సెంటర్ అలాంజో మోర్నింగ్ లేడు, అంతే.

బోగ్స్ వెనక ఉన్నాడు. 1988లో కొత్తగా పుట్టిన షార్లెట్ హార్నెట్స్ ఆయన్ను తీసుకుంది. 1991లో లారీ జాన్సన్, 1992లో మోర్నింగ్ వచ్చారు. 1993లో ఆ జట్టు మొదటిసారి ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివరి నాకౌట్ దశకు) వెళ్లి బోస్టన్ సెల్టిక్స్‌నే ఇంటికి పంపింది. పొట్టి గార్డును దాటి వచ్చినవాడికి వెనక కొండ లాంటి సెంటర్ ఎదురైతే, దాటినందుకు ఫలితం ఏముంది? మీ కోచ్ గారు ఆలోచించవలసింది ఇది. పిల్లవాడి ఎత్తు ఎంత అని కాదు, వాడి వెనక ఎవరిని నిలబెడదాం అని.

నిజానికి బోగ్స్‌కు అలాంటి కోచ్ బడిలోనే దొరికాడు. బాల్టిమోర్‌లో లాఫాయెట్ కోర్ట్ అనే పేదల గృహసముదాయంలో పెరిగిన పిల్లవాడు, డన్‌బార్ హైస్కూల్లో బాబ్ వేడ్ దగ్గర చేరాడు. 1981-82లో ఆ జట్టు 29 ఆడి 29 గెలిచింది, మరుసటి ఏడు 31కి 31. 1987 డ్రాఫ్ట్ (ఎన్.బి.ఎ. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండులో ఆ ఒక్క బడి జట్టు నుంచే ముగ్గురు: రెజీ విలియమ్స్, రెజీ లూయిస్, 12వ స్థానంలో బోగ్స్. అంతకు ముందు ఏడాది స్పెయిన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 6 అడుగుల 5 అంగుళాల ద్రాజెన్ పెట్రోవిచ్‌ను కట్టడి చేయడానికి అమెరికా ఎవరిని పెట్టిందనుకున్నారు? ఈయననే. బంగారు పతకంతో తిరిగి వచ్చారు.

1989-90లో మ్యాచ్‌కు సగటున 10.7 అసిస్టులు, అంటే తోటివాడి బాస్కెట్‌కు దారితీసిన పాసులు. ఒక్క బంతి పోగొట్టుకుంటే దానికి బదులు నాలుగుకు పైగా అసిస్టులు, అదీ మొత్తం కెరీర్ లెక్క. షార్లెట్ జట్టు తరఫున అసిస్టుల్లో (5,557), బంతి దొంగతనాల్లో (1,067) ఆయన రికార్డులు అలాగే ఉన్నాయి. 7 అడుగుల ప్యాట్రిక్ యూయింగ్ బంతిని పైకి లేపేలోపే కొట్టి బ్లాక్ చేశాడు, 1993లో. అది కూడా కిందనే జరిగింది, గమనించండి.

ఇంకో బాధ. "బాస్కెట్‌బాల్ ఆడితే ఎత్తు పెరుగుతారు" అని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. నన్ను మూడేళ్లు కడ్డీకి వేలాడదీశారు. ఏవో పొడులు పాలలో కలిపి తాగించారు. అరంగుళం పెరగలేదు, పాలంటేనే విరక్తి పుట్టింది. పొడుగువాళ్లు ఈ ఆటకు వస్తారే తప్ప, ఈ ఆట ఎవరినీ పొడుగు చేయదు. మీ అబ్బాయిని దయచేసి వేలాడదీయకండి.

మీరు భయపడాలంటే మోకాలికి భయపడండి. బోగ్స్‌ను చివరికి దెబ్బతీసింది ఎత్తు కాదు, ఎడమ మోకాలు. 1995-96 సీజన్‌లో 6 మ్యాచ్‌లే ఆడగలిగాడు. తర్వాత గోల్డెన్ స్టేట్, టొరంటో జట్లకు మారాడు గానీ ఆ వేగం పూర్తిగా తిరిగి రాలేదు. 2001లో ఎన్.బి.ఎ. ఆట ముగిసింది. తర్వాత షార్లెట్‌లోనే మహిళల జట్టు స్టింగ్‌కు కోచ్‌గా పనిచేశాడు. ఎప్పుడూ మోకాళ్లు వంచి, నేలకు దగ్గరగా ఆడేవాళ్లకు భారమంతా అక్కడే పడుతుంది. నాకూ అక్కడే పోయింది, 23వ ఏట. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాను. కాబట్టి సిమెంటు నేలమీద రోజూ గంటలకొద్దీ ఆడనివ్వకండి. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం ఇప్పటినుంచే చేయించండి.

ఇంతకీ మీ అబ్బాయి ఎడమచేత్తో డ్రిబుల్ చేయగలడా? మీరు రాయలేదు. కింద రాయండి, దానిని బట్టి మిగతాది చెబుతాను.