దారి మూసి పది నెలలు: హక్కు ఇంకా మిగిలిందా?

ప్రశ్న: నలభై ఏళ్లుగా పక్క రైతు పొలంలోంచే మా పొలానికి బండి దారి. మధ్యలో బోదె దాటడానికి మా నాన్నగారు సొంత ఖర్చుతో తూములు వేయించారు. ఆ రైతు పోయాక ఆయన కొడుకు కంచె వేసి తూములు పెకలించాడు. గొడవెందుకని పది నెలలు ఊరుకున్నాం. ఏటా పది వేలు కట్టి, ‘మీ అనుమతితో నడుస్తున్నాం’ అని స్టాంపు పేపరు మీద రాసిస్తే వదులుతాడట. దిగులుతో అమ్మ అన్నం కూడా సరిగా తినడం లేదు. రాసివ్వమంటారా?

జవాబు: రాసివ్వకండి. ఆ సంతకంతో మీ హక్కు అతని దయాధర్మం అయిపోతుంది. అనుమతిచ్చినవాడు రేపు వద్దనీ అనగలడు.

ఇతరుల నేలను వాడుకునే హక్కును ఈజ్‌మెంట్ అంటారు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం దారి హక్కు రావాలంటే 20 ఏళ్లు బాహాటంగా, తగాదా లేకుండా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచి ఉండాలి. మొదటి మూడూ మీకున్నట్టే. కేసు తేలేది ‘హక్కుగా’ అన్న మాట దగ్గర. ‘పెద్దాయన మంచివారు, అడిగితే వెళ్లమనేవారు’ అని మీ అమ్మగారు బోనులో నిలబడి పొగిడితే చాలు, అది హక్కు కాదు, అనుమతేనని తేలిపోతుంది, అవతలి వకీలు ఇంకో ప్రశ్న వేయడు.

మీకు అసలు బలం ఆ తూములే. ఒకరి దయ మీద నడిచేవాడు సొంత డబ్బు పెట్టి వంతెన వేసుకోడు. కోర్టు దాన్ని అనుమతే అనుకున్నా, దాన్ని నమ్మి ఖర్చుపెట్టి శాశ్వత నిర్మాణం చేశాక రద్దు కుదరదనే 60వ సెక్షన్ వాదన మిగులుతుంది. తూములు కొన్న బిల్లు, వేసిన మేస్త్రీ, పగిలిన ముక్కల ఫొటోలు, ఏది దొరికితే అది భద్రం చేయండి.

ఇక ఆ పది నెలలు. అడ్డు పెట్టారని తెలిసీ ఏడాది పాటు కిమ్మనకపోతే, మీ వాడకానికి అంతరాయం వచ్చినట్టే లెక్క. కంచె వేసిన రోజే ఒక నోటీసు ఇచ్చి ఉంటే ఈ టెన్షనే లేదు. ఈ వారమే వకీలు చేత నోటీసు ఇప్పించి, చేరిన రసీదు దాచుకోండి. కంచె మాత్రం మీరు పీకొద్దు. అడ్డును సొంతంగా తొలగించుకునే వీలు లేదని 36వ సెక్షన్ సూటిగానే చెబుతోంది.

ఈలోగా సర్వే రికార్డులో ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటాల పుస్తకం) నకలు తీయించండి. అందులో ఆ దారి డొంకగానో పుంతగానో, అంటే అందరి దారిగా, ఉంటే ఈ 20 ఏళ్ల లెక్కే అక్కర్లేదు, ఆక్రమణ తీయించమని తహసీల్దారుకు అర్జీ పెట్టండి. అతని దస్తావేజు నకలు కూడా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. హద్దుల్లో ‘బండి దారి’ అని ఉంటే సగం పని అయినట్టే.

పట్టా భూమే అయితే సివిల్ కోర్టులో హక్కు ప్రకటనకు, కంచె తీయించి తూములు మళ్లీ వేయించడానికి దావా వేయండి. దాంతోపాటే, స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు పంపే వకీలును, అంటే అడ్వకేట్ కమిషనర్‌ను, వేయమని అడగండి. చక్రాల గాడి ఇంకా కనిపిస్తుంటే ఆయన రాసుకుంటారు, ఒక్క దుక్కి పడితే అది ఉండదు. దావాలో ఎక్కడా ‘ఆ నేల మాదే’ అని రాయించకండి. సొంత నేల మీద ఈజ్‌మెంట్ ఉండదు.