పాత ఫియట్ కొన్న మేనల్లుడికి

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. డ్రైవర్ సీటు ముందు కార్పెట్ ఎత్తితే కింద రోడ్డు కనపడుతోందని మీ అమ్మకి చెప్పి బాధపడ్డావట. అక్క నాకు ఫోన్ చేసి "వాడు రెండు రోజుల నుంచీ సరిగా అన్నం తినట్లేదు, నువ్వన్నా చెప్పు" అంది. ముందు అన్నం తిను. కనపడిన తుప్పుతో పెద్ద పేచీ లేదురా. అది కనపడకుండా ఎంత దూరం పాకిందో తేలాలి. అది తేలేదాకా ఆ బండి మీద ఒక్క రూపాయి పెట్టకు. ఇంజిన్ పని, సీట్లకి కొత్త రెగ్జిన్, బంపర్లకి క్రోమ్, అన్నీ ఆపెయ్. ముందు పెయింట్ కొట్టించుకుని, ఆ తర్వాత కిందకి వంగి చూసి తల పట్టుకున్నవాళ్లు మా షెడ్డుకి ఎంతమంది వచ్చారో లెక్కలేదు.

నీ ఫియట్ అంటే ప్రీమియర్ పద్మినే కదా, దానికి జీపుకి ఉన్నట్టు కింద విడిగా ఛాసిస్, అంటే ఇనుప చట్రం, ఉండదు. అంబాసిడర్‌కీ అంతే. ఫ్లోర్ రేకు, తలుపుల కింద మనం కాలు దాటించి ఎక్కే గడప, దాన్నే సిల్ అంటారు, తలుపుల పక్కన టాపుని మోసే నిలువు పిల్లర్లు, టాపు, ఇవన్నీ కలిసే బరువు మోస్తాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి మాత్రం కింద ఫ్రేమ్ వేరుగా ఉండేది, దాని మీద బాడీని బోల్టులతో బిగించేవాళ్లు. పాపం ఆ బండిని చూసి అప్పట్లో అందరూ నవ్వేవాళ్లు గానీ ఈ విషయంలో పని సుళువు. నీ బండిలో సిల్ పోయిందంటే పైకి రంగు మెరుస్తున్నా అది చెదలు తిన్న దూలమే.

కాబట్టి ఆదివారం కూర్చుని బండిని ఖాళీ చెయ్. ముందు సీట్లు, వెనక సీటు, కార్పెట్, తలుపుల లోపలి అట్టలు, డిక్కీలో స్టెపినీ, అన్నీ బయటికి రావాలి. ఫ్లోర్ మీద నల్లగా తారు అట్ట అతికించి ఉంటుంది. గట్టిగానే ఉంది కదా అని వదిలెయ్యకు, గోకేసెయ్. నీళ్లు దాని కిందే నిలుస్తాయి. తర్వాత మొన మొద్దుబారిన స్క్రూడ్రైవర్ తీసుకుని దాని పిడితో తడుతూ రా. మంచి రేకు ఖంగుమంటుంది. తిన్న రేకు అట్టపెట్టె మీద కొట్టినట్టు డొల్లగా పలుకుతుంది. అక్కడ మొనతో కొంచెం గట్టిగా నొక్కు. దిగిపోయిందా, దిగిపోనీ. "అయ్యో, బొక్క పడుతుందేమో" అని చెయ్యి వెనక్కి తీస్తే పరీక్షకి అర్థం లేదు.

ఎక్కడెక్కడ పొడవాలంటే, సిల్ అడుగున, జాకీ పెట్టే చోట, వెనక కమాన్ పట్టీల, అంటే స్ప్రింగులా పనిచేసే వంపు ఇనప పట్టీల, రెండు చివర్లూ బాడీకి కలిసే చోట, ముందు సస్పెన్షన్ బిగించిన చోట, స్టీరింగ్ బాక్స్ బోల్టుల చుట్టూ, బ్యాటరీ ట్రే కింద. బ్యాటరీ యాసిడ్ ఏళ్ల తరబడి కారి కింది రేకుని తినేస్తుంది, చాలామంది అటు చూడరు. ఫ్లోర్ కింద బ్రేక్ పైపు కూడా పోతుంది. రేకు తుప్పు పడితే దాన్ని అంటుకుని ఉన్న పైపు మాత్రం బాగుంటుందా? అది చూసేదాకా బండి బయటికి తియ్యకు, వీధి చివరి వరకూ కూడా వద్దు.

పైనున్న పుట్టీ సంగతి అయస్కాంతంతో తేలుతుంది. రంగు గీరుకోకుండా పల్చటి గుడ్డలో చుట్టి ఫెండర్ల మీద, తలుపుల కింది అంచుల మీద, సిల్ మీద నెమ్మదిగా జరుపు. లాగిన చోట ఇనుము, జారిపోయిన చోట పుట్టీ లేదా ఫైబర్. తలుపు మీద సొట్టకి కాస్త పుట్టీ పెట్టడం ఎవరైనా చేసేదే, దానికి గొడవ చెయ్యక్కర్లేదు. సిల్ మీద పుట్టీ ఉందంటేనే అనుమానపడు. ఒకసారి మా టింకర్ కుర్రాడు, రేకుపని చేసేవాడు, ఒక బండి సిల్ కోస్తుంటే లోపల్నుంచి ఉండలు చుట్టిన న్యూస్‌పేపర్లు ఊడిపడ్డాయి. వాటి మీద కోళ్ల దడికి కట్టే జాలీ, ఆపైన అంగుళం మందాన పుట్టీ, ఆపైన తళతళలాడే తెల్ల రంగు. చేసినవాడి చేతిపనిని మాత్రం మెచ్చుకోవాలి, వేలితో తడిమినా అంచు తెలియలేదు.

ఇంకో పరీక్ష ఉంది, దీనికి నువ్వు, ఒక జాకీ చాలు. ముందు బండి నేల మీద ఉండగా తలుపులు తీసి వేసి చూడు. తర్వాత జాకీ పెట్టే చోట ఒక పక్క ఎత్తి, మళ్లీ అదే తలుపు తీసి వెయ్. పైన సందు మారినా, తలుపు పట్టేసినా, బాడీ వంగుతోందన్న మాట. ఎత్తిన బండి కిందకి మాత్రం దూరకు.

యాక్సిడెంట్ అయిన బండా కాదా అన్నది తుప్పుకంటే తెలివిగా దాక్కుంటుంది. ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కలు చుక్కలుగా, ఇంచుమించు సమాన దూరంలో ఉంటుంది. బానెట్ తీసి రెండు పక్కల లోపలి రేకులు, డిక్కీ అడుగు రేకు పోల్చి చూడు. ఒక పక్క చుక్కలుండి రెండో పక్క గీతలా వెల్డింగ్ ఉంటే అక్కడ ఎవరో చెయ్యి పెట్టారు. లోపలి రేకులో ముడతలున్నా అంతే. ఆ తర్వాత కొలతలు. చదునైన సిమెంటు నేల మీద చక్రాలు తిన్నగా పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు పక్కలా కొలువు. 2340 మిల్లీమీటర్ల దగ్గర రావాలి, అంతకన్నా ముఖ్యం రెండు పక్కలా ఒకటే రావాలి. తర్వాత ఇల్లు కట్టే మేస్త్రి దగ్గర తూకం గుండు అడిగి తెచ్చుకో. ముందు సస్పెన్షన్ బోల్టుల నుంచీ, వెనక కమాన్ పట్టీ బోల్టుల నుంచీ గుండు వదిలి, కింద సుద్దతో నాలుగు గుర్తులు పెట్టు. బండిని తోసేసి మూలకి మూల టేపు పట్టు. రెండు కొలతలూ కలవకపోతే ఆ బండి రోడ్డు మీద పీతలా పక్కకి నడుస్తుంది, నువ్వు ఎన్ని టైర్లు మార్చినా అరిగిపోతూనే ఉంటాయి.

ఇంతకీ బండి ఇన్నాళ్లూ ఎక్కడుందో అడిగావా? బందరు వైపు నుంచి వచ్చిన బండ్లలో ఉప్పుగాలి తుప్పు చాలా చూశాను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు నీళ్లలో ఉండిపోయిన బండ్లు తర్వాత ఎక్కడెక్కడికో పోయాయి. వెనక లైట్ల లోపల, వెనక సీటు కింద మూలల్లో, సిల్ లోపల మెత్తటి ఒండ్రు కనపడితే సంగతి అర్థమైపోతుంది. పైపైన కడిగిన నీళ్లు అక్కడికి చేరవు.

ఇవన్నీ చూశాక లెక్క తేలుతుంది. ఫ్లోర్‌లో అరచేతంత ముక్క పోయి సిల్, కమాన్ పట్టీ చోట్లు గట్టిగా ఉంటే నీది అదృష్టం. ఒక పక్క సిల్ పోతే బాగు చేసుకోవచ్చు. రెండు సిల్‌లూ, పిల్లర్ల అడుగులూ, వెనక పట్టీ చోట్లూ అన్నీ పోతే మొహమాటం లేకుండా చెప్తున్నా, ఆ బండిని స్పేర్ పార్టులకి ఉంచుకుని ఇంకో బాడీ వెతుక్కో. పద్మినిలు కుర్లాలో పాతికేళ్లకి పైగా తయారయ్యాయి, దొరక్కపోదు.

బాగు చేయిద్దామంటే మాత్రం టింకర్‌కి ఈ మాట గట్టిగా చెప్పు. సిల్ కోసే ముందు బండిని సమంగా నిలబెట్టి, తలుపు ఖాళీలో ముందు పిల్లర్ నుంచి మధ్య పిల్లర్‌కి స్క్వేర్ పైపు వెల్డ్ చేసి ఆపాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. అలా కాకుండా కోస్తే బాడీ మధ్యలో కుంగిపోయి, కుంగినట్టే వెల్డింగ్ అయిపోతుంది. ఇక ఆ తలుపు జన్మలో సరిగ్గా పడదు. బరువు మోసే చోట 18 గేజి రేకు వెయ్యమను, పాత తుప్పు రేకు మీద కొత్త ముక్క అతికించకుండా మంచి రేకు వచ్చేదాకా కోసి కలపమను. రివెట్లు కొడతానన్నవాడికి దండం పెట్టి వచ్చెయ్. వెల్డింగ్‌కి ముందు పెట్రోల్ ట్యాంక్ బయటికి తీసి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపలంతా పెట్రోల్ ఆవిరి ఉంటుంది. అయ్యాక జింక్ ప్రైమర్, అతుకులకి సీలర్, సిల్ లోపలికి మైనం. నీళ్లు పోయే సన్న రంధ్రాలు మూసెయ్యకూడదు. తుప్పు మీదే నల్ల అండర్‌కోటింగ్ కొడితే లోపల కుళ్లు మూతపెట్టి పెంచినట్టే.

అన్నట్టు, నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో పట్టుకోకుండా వెల్డింగ్ చేయిస్తే రెండు వర్షాకాలాల్లో మళ్లీ మొదటికొస్తావు. నువ్వు సుద్దముక్క పట్టుకుని లోపల కూర్చో, మీ నాన్నని బయట పైపుతో ముందు అద్దం రబ్బరు చుట్టూ కింద నుంచి పైకి నెమ్మదిగా నీళ్లు పట్టమను. చెమ్మ కనపడిన చోటల్లా గీత పెట్టు.

కాగితాల సంగతి. ఆర్సీలో 1975 అని ఉందన్నావు. యాభై ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇవ్వడానికి కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. అందులో ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చేసి ఉండకూడదని షరతు. అందుకే కోసే ముందూ తర్వాతా ఫోటోలు తియ్యి, బిల్లులు దాచు, వేసిన ముక్క పాతదాని ఆకారంలోనే ఉండాలి. ఛాసిస్ నంబర్ కొట్టిన రేకుని ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ఆర్సీతో పోల్చి, నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి పెట్టుకో. దాని చుట్టూ వెల్డింగ్ కనపడితే పనంతా ఆపి నాకు ఫోన్ చెయ్.

అమ్మినాయన మీద కేసు వేస్తానని అక్కతో అన్నావట. ముందు ఫోటోలు పట్టుకుని, బ్రోకర్‌ని కూడా కూర్చోబెట్టి మర్యాదగా అడుగు. ఆయనకీ తెలియకపోవచ్చు, తెలిసీ చెప్పకపోవచ్చు. కేకలేస్తే వచ్చే నాలుగు రూపాయలు కూడా రావు.

స్క్రూడ్రైవర్ దిగిన చోటల్లా సున్నా చుట్టి ఫోటోలు పంపు. బాగు చేద్దామని తేలితే బండిని గుంటూరు నుంచి నడుపుకుంటూ రావద్దు, ట్రాలీ మీద వేసుకురా. విప్పిన బోల్టులు ఏ కవర్‌వి ఆ కవర్లో వేసి పేరు రాయి. మా మేస్త్రి సోమవారం నుంచి ఖాళీ.

ఇట్లు
మీ మావయ్య