థెరపీకి అత్తమ్మను కూడా తీసుకెళ్లండి

ప్రశ్న: మాది కాజీపేట. నేను నర్సంపేట దగ్గర ప్రభుత్వ స్కూల్లో టీచర్ని. బాబుకు మూడేళ్లు. నెలలు నిండకముందే పుట్టాడు. చాలా రోజులు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టారు. ఇప్పటికీ మిక్సీ పట్టిన పెరుగన్నం, బిస్కెట్లు తప్ప ఏదీ తినడు. ముద్ద కాస్త గట్టిగా తగిలితే ఓకరిస్తాడు. నాలుగు నెలలుగా ప్రతి శనివారం సాయంత్రం హన్మకొండలో ఫీడింగ్ థెరపీకి తీసుకెళ్తున్నాను. అక్కడ అరటిపండు ముట్టుకుంటాడు, నాకుతాడు. ఇంటికొస్తే మళ్లీ మొదటికే. పగలంతా మా అత్తమ్మ దగ్గరుంటాడు. ఆమె వాడిని కాళ్ల మధ్య అదిమిపట్టి, ఫోన్లో బొమ్మలు పెట్టి, బుగ్గలు నొక్కి కుక్కుతుంది. వద్దని మా ఆయనతో ఎన్నిసార్లు చెప్పించినా వినదు. బాబు బాగా తింటే మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే వాడి బరువంత బెల్లం, ఇస్తానని మొక్కుకుంది, అమ్మవార్లే చూసుకుంటారు అంటుంది. లాంగ్ లీవ్ పెట్టి, హైదరాబాద్‌లో గది తీసుకుని, అక్కడి పెద్ద థెరపిస్టుకు చూపించమంటారా?

జవాబు: వద్దు. గదీ వద్దు, లీవూ వద్దు, థెరపిస్టును మార్చడమూ వద్దు. అన్నం పేరు చెబితే భయపడే పిల్లాడు తనంతట తాను అరటిపండుకు నాలుక ఆనించాడంటే అక్కడ పని సరిగ్గానే సాగుతోంది. మీరు అడిగినదానికి ఇంతకు మించి చెప్పేది లేదు.

నన్ను కలవరపెట్టింది వేరే సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అత్తమ్మతో నేరుగా మాట్లాడిన సందర్భం ఒక్కటీ కనబడలేదు. ఏది చెప్పాలన్నా మీ ఆయనతోనే చెప్పించారు. వారానికి ఒక్క పూట జరిగే థెరపీకి మీరు వెళ్తున్నారు, రోజూ పగటి తిండి మాత్రం ఆమె చేతి మీదుగా నడుస్తోంది. మరి ఆమెను ఒక్క శనివారమైనా వెంట తీసుకెళ్లారా?

బుగ్గలు నొక్కి కుక్కడాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. అది ఈ రోజే ఆగాలి. ముక్కులో గొట్టంతో రోజులు గడిపిన పిల్లలకు ముఖం దగ్గరికి చెయ్యి వస్తేనే భయం ఉండొచ్చు. ఓకరింపు గొంతుకు అడ్డం పడకుండా ఒళ్లు తనను తాను కాపాడుకునే పద్ధతి. బలవంతం చేసిన కొద్దీ అది మరింత ముందుకొస్తుంది. ఇవన్నీ థెరపిస్టు మీకు చెప్పి ఉంటారు. అత్తమ్మకు ఎవరు చెప్పారు? ఆమెకు కనబడేది మొండితనం. గడప దాటితే చాలు, ‘ఏందే, మనుమడు గింత సన్నగున్నడు, బువ్వ పెడ్తలేవా?’ అనే వాళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది ఆమె. కడుపు నిండని పిల్లాడు ఇంట్లో ఉంటే ఆ తప్పు తనదే అనుకునే తరం అది.

జీతం లేకుండా పగలంతా మీ బిడ్డను కనిపెట్టుకుని ఉన్న మనిషికి కొడుకు నోటితో ఆర్డర్లు పంపడం మర్యాద కాదు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. చెప్పింది వినలేదని మీకు కోపం, అడగకుండా తప్పు పట్టారని ఆమెకు కోపం. ఇద్దరి మధ్య తిరుగుతూ మీ ఆయన ఎవరికీ పూర్తిగా చెప్పడు. ఆయన్ని ఈ మధ్యవర్తి పని నుంచి తప్పించండి. రాత్రి గిన్నెలు సర్దుకున్నాక మీరే ఆమె పక్కన కూర్చుని, ‘అత్తమ్మా, నాకొక్కదానికి చేతనైతలేదు, శనివారం నువ్వు కూడా రా’ అనండి. అక్కడ చెంచా ఆమె చేతికే ఇప్పించి, ఎలా పెట్టాలో థెరపిస్టుతోనే చూపించమనండి. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టు ఉంటుంది, థెరపిస్టు చెబితే అలా ఉండదు.

ఇంట్లో ఇద్దరూ ఒకే మాట మీద ఉండండి. ఎలిన్ సాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పిన పద్ధతి చాలామంది థెరపిస్టులు పాటిస్తారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల ఇష్టం. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లాడి ఇష్టం. మూడేళ్లవాడికి అంత పెత్తనమా అని అత్తమ్మ అంటుంది. అననివ్వండి, నెల రోజులు చూద్దామని చెప్పండి. కాళ్లు గాల్లో వేలాడకుండా కింద పీట వేసి కూర్చోబెట్టండి. తిండికి అరగంట దాటొద్దు. తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు, బిస్కెట్ అసలే వద్దు. పాలు రోజుకు అర లీటరు దాటితే ఆకలి చచ్చిపోతుంది. ఫోన్ చూస్తూ మింగే పిల్లాడికి తాను ఏం తింటున్నాడో తెలియదు, తినడమూ రాదు. ఒక్కో పూట ఫోన్ తగ్గించుకుంటూ రండి. కొత్త పదార్థం పది, పదిహేనుసార్లు కంచంలో కనబడ్డాక గానీ కొందరు పిల్లలు నోట పెట్టరు, అన్నిసార్లూ పెట్టాల్సిందే.

అత్తమ్మకు చేతనైన పని ఆమెకే వదిలేయండి. సకినాలకు పిండి కలిపేటప్పుడు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఓ చిన్న ముద్ద చేతికివ్వమనండి. తడి బియ్యప్పిండి, మధ్యలో గరుకుగా నువ్వులు, వాము వాసన. మొదట వేళ్లు దులుపుకుంటాడు. ‘తిను’ అని ఎవరూ అనకూడదు. వేళ్లకు అంటితేనే ఓర్వలేని పిల్లాడు నోట్లో ఎలా ఓర్చుకుంటాడు? పిసికితే చాలు. పచ్చి పిండి నోట్లోకి పోకుండా చూసుకోండి. కాల్చిన సకినాలు, పల్లీ గింజలు మాత్రం వీడికి ఇప్పుడే ఇవ్వకండి, గొంతులో ఇరుక్కుంటాయి.

తినేటప్పుడు దగ్గినా, గొంతు గరగరలాడినా, మాటిమాటికీ ఛాతీలో నెమ్ము చేరుతున్నా, బరువు పెరగకపోయినా పిల్లల డాక్టరుకు వెంటనే చూపించాలి, అది థెరపీతో ఆగే విషయం కాదు. ఫీజు భారమైతే 2013లో మొదలైన ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల సేవలు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ఇక మొక్కు. మీరు దాన్ని తీసిపారేసినట్టు రాశారు. మనవడి బరువంత బెల్లం సమ్మక్క సారలమ్మలకు ఇస్తానన్న మనిషి వాడు బరువు పెరగాలనే కదా కోరుకుంటోంది? నెలకోసారి అంగన్‌వాడీలో బాబును తూకం వేయించే పని, బరువు రాసే కార్డు దాచే పని అత్తమ్మకే అప్పజెప్పండి. మేడారం జాతరకు ఆమెతో పాటు మీరూ వెళ్లండి.