మ్యాత్‌కౌంట్స్ జట్టుకి కోచ్ అవుతున్న మా అమ్మడికి

అమ్మడూ,

బాబు స్కూల్లో మ్యాత్‌కౌంట్స్ జట్టుకి, అదే ఇక్కడ అమెరికాలో స్కూలు పిల్లలకి పెట్టే లెక్కల పోటీ జట్టుకి, కోచ్‌గా ఉంటానని ఒప్పుకున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విని ఎంత పొంగిపోయానో! ఆఫీసు, ఇల్లు, ఇద్దరు పిల్లలు చాలక ఇది కూడా నెత్తిన వేసుకున్నావా అని కోపమూ వచ్చింది. నోటితో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్ గడువు స్కూల్ వాళ్లని అడిగి రాసిపెట్టుకో. పాత పేపర్లు చేయించు. వాళ్లు 6 నుంచి 8వ తరగతి పిల్లలు, మరీ రుద్దకు.

ముందు ఎవరికి వారు రాసే రౌండ్లు రెండు. స్ప్రింట్ రౌండ్‌లో 40 నిమిషాలకి 30 లెక్కలు, లెక్కకి 1 మార్కు, క్యాలిక్యులేటర్ ఉండదు. టార్గెట్‌లో 8 లెక్కలు, రెండేసి చొప్పున ఇస్తారు, జతకి 6 నిమిషాలు. ఇక్కడ క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు, లెక్కకి 2 మార్కులు. అలా రెండూ కలిపి ఒక్కొక్కరికి 46. తప్పు రాస్తే మార్కులు కోయరు కాబట్టి మీ ఎంసెట్‌లో లాగే ఏదీ ఖాళీగా వదలొద్దని చెప్పు. భిన్నాలు పూర్తిగా సూక్ష్మీకరించి రాయాలని కూడా చెప్పు.

ఇక టీమ్ రౌండ్. జట్టులోని నలుగురూ కూర్చుని, మాట్లాడుకుంటూ 20 నిమిషాల్లో 10 లెక్కలు చేస్తారు. జట్టు స్కోరంటే నలుగురి మార్కులూ కూడి నాలుగుతో భాగించి, దానికి ఈ రౌండ్‌లో ఒప్పయిన ఒక్కో లెక్కకి 2 కలపడమే. ఒకసారి కాగితం మీద వేసి చూడు. స్ప్రింట్‌లో ఒక లెక్క ఒప్పయితే జట్టుకి వచ్చేది పావు మార్కు. అంటే టీమ్ రౌండ్‌లో ఒక్క లెక్క పోతే స్ప్రింట్‌లో ఎనిమిది పోయినట్టే. అయినా అందరూ స్ప్రింట్ పేపర్లే దంచుతారు, నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టే వాళ్లే ఉండరు.

ఇక్కడ క్లీవ్‌లాండ్‌లో నేను పిల్లల్ని తయారుచేసే రోజుల్లో ఒక జట్టు ఉండేది. ముగ్గురు మగపిల్లలు, చురుకైనవాళ్లు, గొంతులు కూడా పెద్దవే. నాలుగో పిల్ల ఆ ఏడాదే వరంగల్ నుంచి వచ్చింది. ఇంగ్లీషులో మాట్లాడాలంటే బిడియం. చాప్టర్ పోటీ, అంటే చుట్టుపక్కల స్కూళ్ల మధ్య జరిగే పోటీ, టీమ్ రౌండ్‌లో ఒక లెక్క వచ్చింది: 1 నుంచి 1000 వరకు 3తో గానీ 5తో గానీ భాగించబడే సంఖ్యలెన్ని? కెప్టెన్ కుర్రాడు చకచకా 333, 200 కూడి 533 అన్నాడు. పక్కవాడు సరేనన్నాడు. ఈ పిల్ల దగ్గర 467 ఉంది. 15తో భాగించబడేవి 66 ఉన్నాయి కదా, అవి రెండుసార్లు లెక్కలోకి వచ్చాయని తీసేసింది. తన కాగితం కొంచెం ముందుకు జరిపింది కూడా. ఎవరూ చూడలేదు. మార్కులు వేసేది కెప్టెన్ రాసిన జవాబుకే. 533 రాశాడు, అయిపోయింది. కోచ్‌ని లోపలికి రానివ్వరు కాబట్టి ఇదంతా బయటికొచ్చాక తెలిసింది. ఆ పిల్ల గోడకి ఆనుకుని, ఆ లెక్క నోటుబుక్కులో మళ్లీ చేసి నాకు చూపించింది. "చెప్పలేకపోయావా తల్లీ" అన్నాను. "నాకే తప్పు వచ్చిందేమో అనుకున్నా ఆంటీ" అంది. ఆ రెండు మార్కుల సంగతి ఎప్పుడో మర్చిపోయాను గానీ ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకే చెబుతున్నాను, మొదటి రోజు నుంచే టీమ్ రౌండ్ ఆడించు. లెక్కలు పంచు, కానీ ప్రతి లెక్కా ఇద్దరు విడివిడిగా చేయాలి. జవాబులు కలవకపోతే "నాకు వేరే వచ్చింది" అని పైకి అనాలి, అన్నవాళ్ల కాగితం కెప్టెన్ చూసి తీరాలి. ప్రాక్టీసులో కెప్టెన్‌ని మారుస్తూ ఉండు, నోరు విప్పని పిల్లకి ముందు అవకాశమివ్వు.

నలుగురినీ ఎంచేటప్పుడు స్కూల్లో పెట్టిన పరీక్ష మార్కులే చూడు. మన బాబుకి చోటు రాకపోతే రాలేదనే చెప్పు. వాడికి ఆ రాత్రి నువ్వు అమ్మవి, కోచ్‌వి కాదు. పక్కన కూర్చుని అన్నం తినిపించు.

కౌంట్‌డౌన్ రౌండ్ పెడితే ఎక్కువ మార్కులొచ్చిన వాళ్లని ఇద్దరిద్దరిని అందరి ముందూ నిలబెడతారు. లెక్కకి 45 సెకన్లే, ముందు బజర్ నొక్కి సరిగ్గా చెప్పినవాళ్లకే పాయింటు. చూసేవాళ్లకి సరదాగా ఉంటుంది గానీ పన్నెండేళ్ల పిల్లలకి ఎంత టెన్షనో! అక్కడ ఓడి ఏడ్చిన పిల్లల్ని చూశాను, వాళ్లని కారెక్కించుకుని "అంత తేలికైనది ఎలా వదిలావు" అన్న తండ్రుల్నీ చూశాను. తల్లిదండ్రులందరితో ముందే ఒక మాట తీసుకో: ఇల్లు చేరేదాకా లెక్కల ఊసెత్తకూడదు.

ఇంకొకటి. చాప్టర్ పోటీ ఫిబ్రవరిలో. రోడ్డు మీద మంచు పొర కంటికి కనిపించదు. పిల్లల్ని కార్లో ఎక్కించుకున్నప్పుడు ఆలస్యమైనా సరే, నిదానంగా పోనివ్వు. నాకు పోటీ కంటే ఈ ప్రయాణం గురించే భయం.

నలుగురూ ఖాయమయ్యాక ఒక ఆదివారం వీడియో కాల్ పెట్టు. టీమ్ రౌండ్ నేను పెడతాను, టైమ్ నేనే చూస్తాను. ఆ 20 నిమిషాలూ నువ్వు నోరెత్తకుండా, ఎవరి కాగితం ఎవరూ చూడటం లేదో అది మాత్రం గమనించు.

మీ పెద్దమ్మ