డాక్టర్ సలహా: పాత విమానం సంగతి తర్వాత, ముందు ఆ ఎడం కాలు చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 61 ఏళ్లు, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నాను, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, వచ్చే నెల డల్లాస్ వెళ్లాలి. అల్లుడు చవగ్గా వచ్చిందని టికెట్ తీశాడు, తీరా నెట్‌లో చూస్తే ఆ విమానం ఇరవై ఏళ్ల పైబడినదట, సీట్లు బాగా ఇరుకు, చిరిగిపోయి ఉంటాయి, ఏసీ సరిగ్గా ఉండదు అని రాశారు. పాత విమానంలో గాలి మంచిది కాదా, ఆక్సిజన్ తగ్గుతుందా? పదహారు గంటలు కూర్చోగలనా? వీసా పనికి బస్సులో హైదరాబాద్ వెళ్లొచ్చి రెండు వారాలైంది, అప్పట్నుంచి ఎడం కాలి పిక్క కొంచెం వాచింది, బోదకాలు మా వైపు మామూలే కదా అని మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని వాడుతున్నాను. ఎక్కే ముందు రక్తం పల్చబడే మాత్ర వేసుకోమని పక్కింటావిడ అంటోంది, మంచిదేనా? విమానంలో నిద్రమాత్ర వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, విమానం వయసు గురించి ఇంత రాశారు, కాలి గురించి మధ్యలో ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు మాత్రం ఆ ఒక్క ముక్క దగ్గరే చదవడం ఆగిపోయింది. రాత్రంతా బస్సులో కాళ్లు కిందకి వేలాడేసి కూర్చున్నారు, తర్వాత ఒక్క కాలే వాచింది, రెండు వారాలైనా తగ్గలేదు. అరవై దాటిన మనిషి ఓపీలో ఇదే చెప్తే నేను ముందు ఉందో లేదో తేల్చుకోవాల్సిన అనుమానం ఒకటుంటుంది, పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో అని. డీవీటీ అంటాం. మీకు అదే ఉందని చెప్పట్లేదు, కాలు చూడకుండా కంప్యూటర్ ముందు కూర్చుని అలా ఎవరూ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. కానీ లేదని తేలేదాకా మీరు విమానం ఎక్కకూడదు. అంతవరకు ఖచ్చితంగా చెప్తాను.

కాళ్లలోకి దిగిన రక్తం పైకి గుండెకి చేరాలంటే పిక్క కండరం బిగుసుకుని వదులవుతూ దాన్ని తోస్తుండాలి. నడిస్తే ఆ పని దానంతటదే జరుగుతుంది, గంటల తరబడి మోకాళ్లు మడిచి కదలకుండా కూర్చుంటే జరగదు, నీళ్లు కదలని కాలవలో గుర్రపుడెక్క పేరుకున్నట్టు అక్కడ గడ్డ తయారయ్యే అవకాశం ఉంటుంది. అది కాల్లోనే ఉన్నంతసేపూ నొప్పీ వాపే. అందులోంచి ఒక ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి రావచ్చు. దీనికి ఎకానమీ క్లాస్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు గానీ బిజినెస్ క్లాసులో కదలకుండా పడున్నా, మన నైట్ బస్సులో కూర్చున్నా, కారులో ఏకబిగిన వెళ్లినా వస్తుంది. నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణమైనా రిస్కు సుమారు రెండింతలు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అలాగని బెంబేలు పడక్కర్లేదు, మామూలు ఆరోగ్యవంతుల్లో ఆరు వేల మందిలో ఒకరికి వచ్చే మాట అది. అయితే ఆ లెక్క కాలు వాయకుండా విమానం ఎక్కేవాళ్లది, మీది కాదు.

ఇక బోదకాలు సంగతి. మన గోదావరి జిల్లాల్లో ఫైలేరియా ఎప్పట్నుంచో ఉంది, అందుకే ఇక్కడ ఎవరికి కాలు వాచినా ముందు బోదే అనుకుంటారు, షాపతను కూడా కాలు వైపు చూడకుండానే మాత్రలు చుట్టి ఇచ్చేస్తాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఫైలేరియా వాపు బస్సు దిగిన మర్నాడు పుట్టుకురాదు. చాలామందిలో చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ల కట్టి, తగ్గి, మళ్లీ వచ్చి, అలా నెలలూ ఏళ్ల మీద కాలు మందమవుతుంది. ప్రభుత్వం వాళ్లు ఇంటింటికీ వచ్చి డీఈసీ మాత్రలు మింగిస్తారు చూడండి, అవి ఒంట్లో ఉన్న పురుగు కోసం, అప్పటికే వాచిన కాలుని నాలుగు రోజుల్లో దింపడానికి కాదు. ఒకవేళ మీకు పాత బోద ఉందనే అనుకుందాం, ఆ కాల్లో గడ్డ కట్టకూడదని రూలేం లేదు కదా, పైగా అలాంటి కాల్లో అయితే కనిపెట్టడం ఇంకా కష్టం.

మీకిచ్చిన మాత్రలేంటో పేర్లు రాయలేదు. మీ తప్పు కాదులెండి, అట్ట కత్తిరించి పొట్లంలో ఇస్తే పేరెక్కడుంటుంది. అందులో ఒకటి నొప్పి మాత్ర అయ్యుంటే నొప్పి తగ్గుతుంది, గడ్డ ఉంటే అది అలాగే ఉంటుంది, మీరేమో తగ్గుతోంది కదా అనుకుంటారు, దానికితోడు డైక్లోఫెనాక్ లాంటివి బీపీని పెంచుతాయి, కిడ్నీల మీద పడతాయి. నీళ్లు పోయే మాత్ర అయ్యుంటే ఒంట్లో నీరు తగ్గి సోడియం పొటాషియం అటూ ఇటూ అవుతాయి. రెండు వారాలు అలా పోయాయి. కువైట్ నుంచీ మస్కట్ నుంచీ దిగినవాళ్లు కాలు వాచాక ఆకు పసరు ఒక వారం, షాపు మాత్రలు ఒక వారం, ఆర్ఎంపీ ఇంజక్షన్ ఒక వారం అన్నీ అయ్యాక మా దగ్గరికి వస్తారు, మొదటి రోజే వచ్చుంటే గంటలో తేలిపోయే విషయం. ఆ మాత్రలు ఇక మింగకండి, పారెయ్యకండి కూడా, పొట్లంతో సహా డాక్టరుకి చూపించండి.

బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు. ఆమ్లోడిపిన్ వల్ల కూడా పాదాలు వాస్తాయి, అది నిజమే, కానీ ఆ వాపు ఎక్కువగా రెండు కాళ్లకీ చీలమండల దగ్గర సాయంత్రానికి వస్తుంది. మీకు ఒక్క పిక్కే కాబట్టి నా అనుమానం అటు పోవట్లేదు. గుండె, కిడ్నీ, థైరాయిడ్ వాపులు కూడా సాధారణంగా రెండు వైపులా వస్తాయి.

ఇంట్లో టైలర్ టేపు ఉంటే మోకాలి చిప్ప కింద ఉండే ఎముక బొడిపె నుంచి పది సెంటీమీటర్లు కిందకి గుర్తు పెట్టి రెండు పిక్కల చుట్టుకొలత చూడండి. మూడు సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే అనుమానం గట్టిపడుతుంది. తక్కువుంటే ఏం లేదని ఇంట్లో కూర్చోమని కాదు, ఎలాగూ స్కాన్ చేయించాల్సిందే. ముఖ్యంగా కొబ్బరినూనె పెట్టి పిక్క మర్దనా చేయించుకోవడం, ఇసుక మూటతో కాపడం పెట్టుకోవడం వద్దు. గడ్డ ఉంటే మర్దనాతో అది కదిలే ప్రమాదం ఉంది. కాలి సిరలకి కలర్ డాప్లర్ స్కాన్ అంటారు, అమలాపురంలో అవుతుంది, లేదంటే భీమవరం, రాజమండ్రి, కాకినాడ. డాక్టర్ చూసి డీడైమర్ అనే రక్తపరీక్ష కూడా రాయొచ్చు. గతంలో ఎప్పుడైనా గడ్డ కట్టిందా, ఇంట్లో అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ వచ్చిందా, ఈమధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా, క్యాన్సర్ ట్రీట్‌మెంట్ ఏమైనా జరిగిందా, గర్భసంచి సమస్యలకి హార్మోన్ మాత్రలు వాడుతున్నారా, ఇవన్నీ అడక్కపోయినా మీరే చెప్పండి. ఇది చదివే చిన్నవయసు ఆడవాళ్లకి కూడా ఒక మాట, గర్భం రాకుండా వాడే మాత్రలు, ప్రయాణం ముందో పూజ ముందో నెలసరి ఆపడానికి షాపులో అడిగి తెచ్చుకునే హార్మోన్ మాత్రలు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు, కొన్నిటివల్ల గడ్డలు కట్టే రిస్కు పెరుగుతుంది.

గడ్డ ఉందని తేలితే ప్రయాణం వాయిదా పడుతుంది, ఎన్నాళ్లనేది మిమ్మల్ని చూసే డాక్టరే చెప్పాలి. మందు మాత్రం మామూలుగా మూడు నెలలకి తక్కువ ఉండదు. అల్లుడు టికెట్ డబ్బులు పోయాయని నాలుగు రోజులు ముఖం ముడుచుకుంటాడేమో, పర్లేదు. డాక్టర్ సర్టిఫికెట్ పెడితే తేదీ మారుస్తారేమో ఎయిర్‌లైన్‌ని అడగమనండి. కాన్పు టైముకి అమ్మ దగ్గరుండాలని మీ ఆరాటం నాకు అర్థమవుతుంది, కానీ బాలింతకి సాయం చెయ్యడానికి వెళ్లిన మనిషి అమెరికా ఆస్పత్రిలో పడితే అక్కడ ఎవరు ఎవర్ని చూసుకుంటారు చెప్పండి.

పక్కింటావిడ చెప్పిన రక్తం పల్చబడే మాత్ర ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్ అయ్యుంటుంది. వద్దు. ఆస్పిరిన్ ప్రధానంగా గుండెపోటు, పక్షవాతం తెచ్చే ధమనుల గడ్డలకి వాడే మందు, కేవలం ప్రయాణంలో డీవీటీ రాకుండా ఉండటానికని వేసుకోవద్దని అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2012 మార్గదర్శకాల్లోనే చెప్పింది. కడుపులో పుండు ఉన్నవాళ్లకి రక్తస్రావం అవుతుంది. నిజంగా గడ్డే ఉంటే ఈ చిన్న మాత్ర చాలదు, వేసుకున్నాం కదా అన్న ధైర్యం మాత్రం మిగులుతుంది. గుండెకని డాక్టర్ రాసి ముందునుంచీ వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చదివి ఆపెయ్యకండి, నేను చెప్పేది వాళ్లకి కాదు.

నిద్రమాత్ర కూడా వద్దు. మత్తుగా ఒకే భంగిమలో ఏడెనిమిది గంటలు పడుంటే కాళ్లు కదలవు, పైగా మీ వయసులో లేచేటప్పుడు తూలి పడతారు.

సరే, విమానం. పాతదైనా కొత్తదైనా ముప్ఫై అయిదు వేల అడుగుల్లో ఎగిరేటప్పుడు లోపల గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్తవాటిలో ఆరు వేల దగ్గర, పాత రకాల్లో ఎనిమిది వేల దాకా. ఊటీ ఏడు వేల అడుగుల పైనే ఉంది, అక్కడ ఎవరూ ఊపిరాడక పడిపోవట్లేదు కదా. ఆక్సిజన్ శాతం కాస్త తగ్గుతుంది, గుండె, ఊపిరితిత్తులు బాగున్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. ఆయాసం జబ్బు, హార్ట్ ఫెయిల్యూర్, బాగా తక్కువ రక్తం, ఈమధ్యే గుండెపోటు ఉన్నవాళ్లు మాత్రం ముందే డాక్టర్‌కి చూపించుకోవాలి. మీ మటుకు మీరు చూసుకోవాలంటే చదునుగా ఉన్నచోట యాభై మీటర్లు నడిచి ఒక అంతస్తు మెట్లు ఎక్కండి, ఆయాసం లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఈ పరీక్ష కూడా స్కాన్ అయ్యాకే, ముందు కాదు. గాలి కూడా మీరనుకున్నంత చెడ్డది కాదు, సగం దాకా బయటి గాలి, మిగతాది దుమ్మునీ క్రిముల్నీ ఆపే హెపా ఫిల్టర్లలోంచి వచ్చేది, రెండు మూడు నిమిషాలకోసారి మారుతుంది. తేమ మాత్రం ఇరవై శాతం కన్నా తక్కువ, ఎప్పుడూ చెమట పట్టే మన ఊళ్ల నుంచి వెళ్తే ముక్కూ గొంతూ ఎండిపోయినట్టు ఉంటాయి. ఇరవై ఏళ్ల విమానం ఎగరడానికి పనికొస్తుందో లేదో చూసేది ఇంజనీర్లు, దాని గురించి డాక్టర్ని అడిగితే నేనేం చెప్తాను.

పాత విమానంతో అసలు ఇబ్బంది సీటు దగ్గర. కొన్నిటిలో ముందు సీటు కింద టీవీ తాలూకు పెట్టె ఒకటుంటుంది, కాలు చాపే చోటు అదే తినేస్తుంది, మిగిలిన చోట మనవాళ్లు ఆవకాయ బ్యాగు ఇరికిస్తారు. బ్యాగు పైన పెట్టించండి. స్కాన్‌లో ఏమీ లేదని తేలి, డాక్టర్ సరేనంటే, నడవ పక్క సీటు ఇప్పుడే మార్పించమనండి, డబ్బు కట్టాల్సొచ్చినా సరే. మన పెద్దాళ్లు చేసే పనొకటుంది, కిటికీ పక్కన కూర్చుంటారు, పక్కవాళ్లని లేపడానికి మొహమాటం, ఆ బాత్రూమ్ తలుపు ఎలా తియ్యాలో తెలీదని భయం, దాంతో మంచినీళ్లే తాగడం మానేస్తారు, ఇక్కడ ఎక్కినవాళ్లు అక్కడ దిగేదాకా లేవరు. మీరలా చెయ్యకండి. అమ్మాయి చేత బాత్రూమ్ తలుపు వీడియో ఒకటి తెప్పించుకుని చూడండి, నవ్వుకునే పనేం కాదు. గంట, గంటన్నరకోసారి లేచి ఆ చివరిదాకా నడవండి, కూర్చున్నప్పుడు మడమ ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమ పైకి అంటూ ఉండండి. చీర కట్టుకున్నా లంగా బొందు బిగించకండి.

మోకాలి కిందవరకు వచ్చే కంప్రెషన్ మేజోళ్లు, చీలమండ దగ్గర 15 నుంచి 30 మిల్లీమీటర్ల ప్రెషర్ ఉండేవి, కొలత తీసి ఇస్తారు, అవి ఉపయోగమే, కానీ డాప్లర్ అవ్వకుండా ఆ వాచిన కాలికి ఎక్కించొద్దు. షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు, కాళ్ల ధమనుల్లో బ్లాకులున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా అసలు వేసుకోకూడదు.

శంషాబాద్ దాకా మళ్లీ ఆ నైట్ బస్సు వద్దు. నర్సాపురం నుంచి రైల్లో బెర్తు మీద పడుకుని వెళ్లండి, లేదంటే రాజమండ్రి నుంచి విమానం, ఒకరోజు ముందు చేరి పడుకోండి. బీపీ మాత్రలు చేతిసంచిలో ఉండాలి, పెద్ద సూట్‌కేసులో కాదు, ప్రిస్క్రిప్షన్ మీద మందు అసలు పేరు రాయించుకోండి, అక్కడ మన బ్రాండ్ పేర్లు చెల్లవు. వెళ్లాక కూడా, ఎనిమిది వారాల దాకా, ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చితే ఛాతీలో పొడిచినట్టున్నా, దగ్గితే రక్తం పడినా, గ్యాస్ పట్టేసిందని సోడా తాగి కూర్చోకండి, ప్రయాణం బడలిక అని సరిపెట్టుకోకండి, 911కి ఫోన్ చెయ్యమనండి. ఇక్కడుండగా వస్తే 108. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ ఉందని దాచొద్దు.

బయట పేషెంట్లు పిలుస్తున్నారు. ఇది చదివాక అల్లుడికి ఫోన్ చేసే ముందు స్కాన్ సెంటర్‌కి ఫోన్ చెయ్యండి, రేపు పొద్దున్నే వెళ్లండి. కాలి డాప్లర్‌కి పరగడుపు అక్కర్లేదు, టిఫిన్ తినేసి బీపీ మాత్ర వేసుకుని వెళ్లొచ్చు.