కార్యదర్శికి ఏ రోజున తెలిసింది?

ప్రశ్న: పదేళ్ల కిందట కాగజ్‌నగర్ నుంచి పని కోసం చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌కు వచ్చి స్థిరపడ్డాం. పదకొండేళ్ల మా అమ్మాయిని ఇక్కడి ఒక ధార్మిక ట్రస్టు వసతి గృహంలో ఉంచి చదివించాం. కిందటి దీపావళి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, అక్కడ పిల్లల బాగోగులు చూసే ఒక సేవకుడు తనను తాకరాని చోట తాకాడని వాళ్ల అమ్మతో చెప్పి ఏడ్చింది. వారం లోపే నేను వెళ్లి కార్యదర్శి గారికి చెప్పాను. సంస్థ పరువు పోతుంది, మేం చూసుకుంటాం అన్నారు; ఆ రాత్రి వాట్సాప్‌లోనూ అదే రాశారు. ఏదో మరాఠీ కాగితం మీద నాతో సంతకం పెట్టించుకున్నారు. నాకు మరాఠీ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఆ మనిషిని తెలంగాణలోని తమ శాఖకు పంపేశారని ఈ మధ్యే తెలిసింది. ఇప్పటికి పది నెలలు గడిచాయి. నాలుగు లక్షలు, అమ్మాయి చదువు ఖర్చు ఇస్తామని, స్టాంపు కాగితం మీద రాజీ రాసివ్వమని ఇప్పుడు కబురు పెట్టారు. దేవుడి పేరు చెప్పుకునేవాళ్లే ఇలా చేస్తే మేం ఎవరితో మొరపెట్టుకోవాలి? మొత్తం సంస్థ మీద కేసు వేయగలమా? అప్పటి ఫోను పాడైతే కొత్తది కొన్నాను. – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే వాక్యం ఒక్కటే ఉంది. 'వారం లోపే నేను వెళ్లి కార్యదర్శి గారికి చెప్పాను' అన్నారే, అది. ఏ తేదీన చెప్పారు, చెప్పినట్టు రుజువేమిటి అన్నదాని మీదే ఆ సంస్థ పెద్దలను కోర్టు ముందు నిలబెట్టగలమా లేదా అన్నది తేలుతుంది.

సంస్థ మొత్తాన్ని బోనులో నిలబెట్టాలన్న మీ కోరిక అర్థమయ్యేదే కాని, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వేలు చూపేది బాధ్యతలో ఉన్న మనిషి వైపు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం కలిగినా పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షన్ ప్రతి ఒక్కరినీ ఆదేశిస్తుంది. తన అధీనంలో పనిచేసేవాడు నేరం చేశాడని తెలిసి కూడా తెలియజేయని సంస్థ బాధ్యుడికి 21వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఏడాది వరకు జైలు, జరిమానా విధిస్తుంది. విచారణ మేమే జరిపాం, మనిషిని పంపేశాం అన్న సమాధానం ఈ సెక్షన్ ముందు చెల్లదు. మీ జిల్లాలోని రాజురాలో ఒక వసతి గృహం పిల్లల కేసులో, తెలిసీ చెప్పలేదన్న అభియోగం ఉన్న వైద్యుడిపై కేసును హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు 2022 నవంబరు 2న ఆ తీర్పును రద్దు చేసింది. నేరాన్ని తెలియజేయకపోవడాన్ని చిన్న తప్పుగా చూడరాదన్నది ఆ తీర్పు సారం.

ఇక కాలపరిమితి. ఏడాది వరకు మాత్రమే జైలుశిక్ష ఉన్న నేరాన్ని ఏడాది దాటాక కోర్టు విచారణకు స్వీకరించరాదని క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 514వ సెక్షన్‌లో చెబుతుంది. అంటే ఆ సేవకుడు చేసిన నేరానికి కాలదోషం పట్టదు గాని, కార్యదర్శి చేసిన నేరానికి పడుతుంది. ఆయనకు మీరు చెప్పిన రోజు నుంచే లెక్క మొదలైందని అనుకుని అడుగు వేయండి. మీకు మిగిలింది రెండు నెలలు కూడా కాదు. రాజీ కబురు సరిగ్గా ఇప్పుడే రావడానికి ఇదే కారణం కావచ్చు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉంది, కాని దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. ఇద్దరి పేర్లూ ఒకే ఫిర్యాదులో రాయండి. రెండు నేరాలను కలిపి విచారించగలిగినప్పుడు పెద్ద శిక్ష ఉన్న నేరాన్ని బట్టే కాలపరిమితిని లెక్కించాలని అదే 514వ సెక్షన్ మూడో ఉపవిభాగం అంటుంది. ధార్మిక సంస్థ సిబ్బంది ఆ సంస్థలోనే బిడ్డపై చేసిన ఇలాంటి చేష్టకు పోక్సో 9, 10 సెక్షన్ల కింద 5 నుంచి 7 ఏళ్ల శిక్ష ఉంది కాబట్టి ఆ గొడుగు కార్యదర్శి నేరానికీ వర్తించాలని మీ న్యాయవాది వాదించగలరు. బిడ్డల సంరక్షణ చేపట్టిన సంస్థను నడిపేవారి నిర్లక్ష్యానికి బాలల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షన్ 5 ఏళ్ల వరకు శిక్ష చెబుతుంది. దాన్నీ ఫిర్యాదులో చేర్చమనండి. పైన చెప్పిన ఒక ఏడాది గడువు దానికి వర్తించదు.

ఇప్పుడు మీ తప్పులు. చదవలేని కాగితం మీద, అదీ బిడ్డ విషయంలో, సంతకం ఎలా పెట్టారు? పది నెలలు పోలీసు స్టేషను గడప తొక్కకుండా ఎలా ఉన్నారు? పోలీసులకు తెలియజేయాలన్న పోక్సో 19వ సెక్షన్ తల్లిదండ్రులను మినహాయించలేదు. 21వ సెక్షన్ మినహాయింపు బిడ్డలకు మాత్రమే. అన్నిటికంటే మించి, కార్యదర్శి చేతిరాత లాంటి వాట్సాప్ సందేశం ఉన్న ఫోనును పాడైందని పక్కన పడేశారు. దాన్ని అమ్మేయకండి, రిపేరు దుకాణంలో ఇచ్చి కొత్తగా మార్పించకండి, ఉన్నది ఉన్నట్టుగా కవరులో పెట్టి దర్యాప్తు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగాన్ని మీరు, రెండో భాగాన్ని నిపుణుడు పూర్తిచేస్తారు.

వాళ్లు చెప్పబోయే జవాబు కూడా నాకు తెలుసు: ఆ మనిషి మా ఉద్యోగి కాదు, జీతం తీసుకోని సేవకుడు. అందుకే అతడు ఆ వసతి గృహంలో ఎవరి మాట మీద, ఏ పని చేసేవాడో చూపించే ప్రతి కాగితమూ వెతకండి. అతడు సంతకం చేసిన ఫీజు రసీదు, కరపత్రంలో పేరు, వార్షికోత్సవం ఫోటో, ఇంటికి పంపేటప్పుడు సంతకం పెట్టించుకున్న రిజిస్టరు, ఏదైనా పనికొస్తుంది. ట్రస్టులను పర్యవేక్షించే ఛారిటీ కమిషనర్ కార్యాలయంలో ఆ ట్రస్టు రిజిస్టరు నకలు తీసుకుంటే అప్పటి ట్రస్టీలెవరో తేలుతుంది. అక్కడ ఫిర్యాదు ఇస్తే మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం, 1950లోని 41డి సెక్షన్ కింద ట్రస్టీలను తొలగించే అధికారం కూడా కమిషనరుకు ఉంది. అయితే అది పోలీసు ఫిర్యాదుకు బదులు కాదు, అక్కడ తిరుగుతుంటే పైన చెప్పిన ఏడాది గడియారం ఆగదు.

ఆ నాలుగు లక్షలు ముట్టుకోవద్దు. పోక్సో నేరం ఇరుపక్షాలు కూర్చుని చెరిపేసుకునేది కాదు. తండ్రి రాజీపడ్డాడని హైకోర్టు కొట్టేసిన ఒక కేసును సుప్రీంకోర్టు 2024 నవంబరు 7న తిరిగి బతికించింది. మీరు రాసిచ్చే ఆ కాగితం వాళ్లను కాపాడకపోవచ్చు గాని మిమ్మల్ని ముంచుతుంది. డబ్బు కోసమే నింద వేశాడని రేపు అదే కాగితాన్ని మీ ముఖాన చూపిస్తారు. నేరస్థుణ్ణి తప్పించడానికి సొమ్ము పుచ్చుకోవడం విడిగా ఒక నేరం. పరిహారం కావాలంటే దారి వేరే ఉంది: పోక్సో 33వ సెక్షన్ కింద ప్రత్యేక కోర్టు, బాధితులకు సాయమందించే మహారాష్ట్ర ప్రభుత్వ మనోధైర్య పథకం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ఆ న్యాయ సేవాధికార సంస్థే బిడ్డకు ఉచితంగా న్యాయవాదిని కూడా ఇస్తుంది. సివిల్ దావాకు తొందర లేదు, మీ అమ్మాయికి 18 నిండాక 3 ఏళ్ల వరకు గడువు ఉంటుంది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఒక్క ముక్క పెట్టకండి; బిడ్డ ఎవరో బయటపెడితే తండ్రయినా శిక్షార్హుడే.

రేపే స్టేషనుకు వెళ్లండి. ఫిర్యాదును మీకు వచ్చిన తెలుగులోనే రాసి, పది నెలల ఆలస్యానికి కారణం, ఆ మరాఠీ కాగితం సంగతి, ఆ మనిషి ఇప్పుడు తెలంగాణలో వేరే పిల్లల మధ్య ఉన్నాడన్న సంగతి దాచకుండా చేర్చండి. అక్కడి పిల్లల కోసమైనా ఈ చివరి మాట ఆ రోజే పోలీసులకు చేరాలి. నమోదు చేయనన్న అధికారి కూడా 21వ సెక్షన్ కిందికే వస్తాడు. అలా జరిగితే జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, ఆపైన నేరుగా ప్రత్యేక కోర్టులో ఫిర్యాదు వేయండి. గడువు లెక్కకు ఫిర్యాదు దాఖలు చేసిన తేదీయే ప్రమాణమని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో చెప్పింది. అమ్మాయి చేత ఇంట్లో మళ్లీ మళ్లీ చెప్పించకండి, ఫోనులో రికార్డు చేయకండి. వాంగ్మూలం వీలైనంత వరకు మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా మీ ఇంట్లోనే తీసుకోవాలి. బిడ్డకు అర్థం కాని భాషలో రాస్తుంటే అనువాదకుడిని ఏర్పాటు చేయడం వాళ్ల విధి. తెలుగు అనువాదకుడు వచ్చి, రాసినదాన్ని అమ్మాయికి చదివి వినిపించే వరకు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.