కుట్టు కింద నీరు చేరింది, సిరంజితో లాగించొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది పొదిలి దగ్గర పల్లె. మా నాయనకి తల వెనకపక్క గడ్డ ఉంటే ఆపరేషన్ చేసి తీశారు, కుట్లు కూడా విప్పేశారు, ఇంటికొచ్చిన నాలుగో రోజు నుంచి చెవి వెనక కుట్టు కింద నిమ్మకాయంత ఉబ్బింది, ముట్టుకుంటే నీళ్ల సంచి మాదిరి మెత్తగా ఉంది, దగ్గితే బిగుసుకుంటోంది. మా ఊరి ఆర్ఎంపీ సిరంజితో లాగేస్తే పోద్దంటున్నాడు. లాగించొచ్చా? ఇది రాకుండా మేమేమన్నా చేసుండాల్సిందా?

జవాబు: ముందు ఆ సిరంజి మాట మర్చిపోమ్మా. నువ్వు చెప్పిందాన్ని బట్టి అది చాలావరకు మెదడు చుట్టూ ఉండే నీరే, సీఎస్ఎఫ్ అంటాం. పెద్దవాళ్లకి రోజుకి దాదాపు 500 ఎంఎల్ ఊరుద్ది, లోపల ఏ టైంలోనైనా ఉండేది 150 ఎంఎల్ దాకానే, అంటే ఈరోజు లాగినా మళ్లీ ఊరుద్ది, చెలమలో నీళ్లు తోడినట్టే, పైగా సూది దారిన క్రిములు లోపలికి పోతే మెనింజైటిస్, అంటే మెదడు పొరలకి ఇన్ఫెక్షన్, ప్రాణం మీదకొస్తుంది. తీయాల్సొస్తే న్యూరోసర్జనే తీయాలి.

మీ తప్పేం లేదు, తల వెనక ఆపరేషన్లలో ఇది మిగతా చోట్ల కన్నా ఎక్కువ. మెదడు మీది పొర డ్యూరాని నీరు కారకుండా కుడతారు, చాలకపోతే పుర్రె మీది పొరో తొడలోదో తెచ్చి అతుకేస్తారు, అయినా లోపల ప్రెషర్ పెరిగితే కుట్టు సందులోంచి ఊరుద్ది. అందుకే ఇంట్లో మన పనల్లా ఆ ప్రెషర్ పెరగనీకుండా చూడటమే. పడుకున్నప్పుడు తల, వీపు కలిపి 30 డిగ్రీలు ఎత్తులో ఉండాలి, మెడ పక్కకి వాలకూడదు. దగ్గుకి మందివ్వండి. సిగ్గుపడి ఎవరూ చెప్పరు గానీ మలబద్ధకం చాలా చెడ్డది, ముక్కిన ప్రతిసారీ ఆ ఉబ్బు మీద ఒత్తిడి పడుద్ది, విరేచనం సాఫీగా అయ్యే మందు డాక్టర్నడిగి రాయించుకోండి. సర్జన్ సరే అనేదాకా పొగాకు బ్యారన్ పనికి పంపొద్దు, మూటలెత్తనీయొద్దు, కింద పడ్డ కండువాని కూడా వంగి తీసుకోనీయొద్దు. నూనె మర్దనా, కాపడం, మీ అంతట మీరు బిగించి కట్టే తలకట్టు, ఏవీ వద్దు.

చిన్నవి చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే ఇంకిపోతాయి. తగ్గకపోతే నడుం దగ్గర సన్నటి పైపు పెట్టి కొన్నాళ్లు నీరు బయటికి తీస్తారు, మెదడులోనే నీరు నిలుస్తుంటే షంట్, అంటే ఆ నీటిని పొట్టలోకి మళ్లించే సన్నటి పైపు, వేస్తారు.

దగ్గితే బిగుస్తోందన్నావు కాబట్టి ఆగొద్దు, రేపే ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి తీసుకెళ్లు, డిశ్చార్జి కాగితం, స్కాన్ ఫిల్ములు మర్చిపోకు, బస్సులో అయితే వెనక సీట్లలో కుదుపులెక్కువ, ముందు కూర్చోబెట్టు. ఈలోపు కుట్టులోంచి నీరు కారి దిండు తడిసినా, జ్వరం, మెడ బిగుసుకోవడం, వాంతులు, మత్తుగా పడుండటం, వీటిలో ఏదొక్కటి కనపడినా తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేసి ఒంగోలో నెల్లూరో ఏది దగ్గరైతే అక్కడికి ఆ రాత్రే చేర్చండి.